మూడో గడి

చర్లపల్లి ఫేజ్ టూ. సంఘం వాళ్ళ మీటింగ్ హాలు.
నలభై ఒక్క కుర్చీలు, ముప్పై ఆరుగురు మనుషులు.
సమోసాలు పదకొండుకే చల్లారాయి.
తెర మీద నా మొదటి ప్రశ్న:
మీరు పంపే సరుకులో ఏమేం ఉన్నాయి?

"ఇత్తడి" అన్నాడు ఒకాయన.
"ఇత్తడిలో?"
"ఇత్తడే."

గడులు మూడే, చెప్పాను.
ఉంది. లేదు. తెలియదు.
తెలియదనడం తప్పు కాదు.
కాకపోతే అలా రాసినవాళ్ళు
ముప్పై రోజుల్లో కనుక్కుని మళ్ళీ రాయాలి.

సీసం, కాడ్మియం, హెక్సా క్రోమ్...
పేర్లు చదువుతుంటే
అప్పులవాడు వీధి మలుపు తిరిగినట్టు
ఒక్కొక్కరే ఫోన్లలోకి తలలు దించారు.

స్క్రూల మోనాచారి లెక్కల మనిషి.
"పూతేమో వెంట్రుకంత. స్క్రూ నాలుగు గ్రాములు.
అది పోయి మీటర్ల కూసుంటది,
మీటర్ పోయి మిషన్ల కూసుంటది.
మొత్తం మిషన్ బరువుతోటి భాగిస్తే
ఎంతొస్తది మేడం? సున్న కాదా?"
హాలంతా హాయిగా నవ్వింది.

నిజమే. భాగించడానికి తగినంత పెద్దది దొరికితే
ఏ విషమైనా సున్నా అవుతుంది.
మూసీతో భాగించి చూశాం కదా మనం.

స్క్రూ అడిగి తీసుకున్నాను. బ్లేడుతో గీకాను.
కాగితం మీద పసుపు మెరుపు రాలింది.
ఈ పొర లెక్క ఈ పొరదే, అన్నాను.
తిలాపాపం తలా పిడికెడు కాదిక్కడ,
ఎవరి పిడికెడు వాళ్ళు తూచి చెప్పాలి.

కాటేదాన్ నుంచి వచ్చిన సులోచన
రబ్బరు వాషర్ల సంచి బల్ల మీద పెట్టింది.
"ముడిసరుకు అమ్మేటోణ్ణి అడిగితే
వేరే దుకాణం చూసుకోమంటడు.
పైనోడు అడిగితే నేను చెప్పాలె,
నేనడిగితే ఎవడూ చెప్పడు.
నడుమల నేనొక్కదాన్నే దొరికిన్నా?"

మూడో గడి, అన్నాను.
ఆమె సంచి మూతి ముడేసుకుంది.

అప్పుడే వాన.
రేకుల మీద వాన మొదలైతే మైకెందుకూ పనికిరాదు.
కప్పులు ఏరుతున్న నర్సింలు పైకి చూసి
"మరి ఈ సిమెంటు రేకులల్ల ఏమున్నదో
ఎవరు రాస్తరు?" అని అరిచాడు.
ఎవరూ నవ్వలేదు. నేను స్లైడు మార్చాను.

అన్నాలయ్యాక జహీరుద్దీన్ పక్కకు పిలిచాడు.
బాలానగర్‌లో క్రోమ్ తొట్లు, ముప్పై ఎనిమిదేళ్ళుగా.
తల వెనక్కి వాల్చి
ఎడమ ముక్కుపుటంలోకి ఫోను లైటు వేసుకున్నాడు.
కుడివైపు నుంచి వెలుగొచ్చింది.

"నడిమి గోడ లేదు. తొట్టి పొగ తినేసింది.
నొప్పి తెల్వలే అమ్మా, అదే దాని చాలాకీ.
మూడేండ్ల సంది ఈ కాగితం మీద
లేదు, లేదు, లేదు అని రాసిన.
దస్కతు నాదే, ముక్కూ నాదే."

గొంతు తగ్గించాడు.
"ఇప్పుడు ఉందని రాస్తే ఆర్డర్ పోతదా?
పదకొండు మంది పనోళ్ళున్నరు."

యాభై రెండు స్లైడులు నావి.
నివేదిక ఎలా నింపాలో ఉంది, ఎక్కడ పంపాలో ఉంది,
తప్పు రాస్తే ఏమవుతుందో ఎర్రక్షరాల్లో ఉంది.
నిజం రాస్తే ఏమవుతుందో ఏ స్లైడులోనూ లేదు.

"తెలియదు" అన్నాను.

"అచ్ఛా, మూడో గడి" అని నవ్వి
నా పెన్నే అడిగి తీసుకున్నాడు.
వంకర అక్షరాలు, ఒక్కోటి ఆగి ఆగి:
ఉంది.

సాయంత్రం ఆ కాగితం స్కాన్ చేసి పంపాను.
కింద నా ప్రశ్న కూడా ఒకటి రాశాను.
మొదటి మెయిలుకు జవాబు లేదు.
రెండోదానికి "నోటెడ్" అని వచ్చింది.
మూడోది ఇవాళ పొద్దున పంపాను.

ఇవాళ్టికి పన్నెండో రోజు.
నాకింకా పద్దెనిమిది రోజులున్నాయి.